సంచి విప్పని సారు

మొన్న మా ఊరి గ్రంథాలయం తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఇంతవరకు పనిచేసిన గ్రంథపాలకుడు బదిలీ అయ్యాడనీ, ఆయన స్థానంలో మరొకరు వచ్చారనీ అందులో రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. చదువుకుని, చెప్పులు విడిచి లోపలికి పోయాను.

లోపల కిటికీ పక్క బల్ల మీద రోజూ వచ్చే ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు మా వీధిలోనే నేతపని చేసినవాడు. చూపు పోయి చాలా ఏళ్లయింది. పాత గ్రంథపాలకుడు పొద్దున్నే పేపరు తెరిచి ఆయనకు జిల్లా వార్తలు చదివి వినిపించేవాడు. ముసలాయన తల కొంచెం పక్కకు వంచి ఆ గొంతు కోసమే చూస్తున్నాడు. కొత్తాయన మూలన నిలబడి ఏ తాళంచెవి ఏ బీరువాదో పట్టి పట్టి చూసుకుంటున్నాడు. ఆ తాళాల గలగల చెవిన పడగానే నాకు ఒక మనిషి గుర్తొచ్చారు. ఆయనే అక్కడ ఉంటే, "మరి గీయనకు ఎవరు చెప్పిండ్రు?" అని తప్పకుండా అడిగేవారు.

నేనే ముసలాయన పక్కన కూర్చుని సంగతి చెప్పాను.

"చెప్పి పోతె ఏమాయె" అన్నాడాయన.

నాకు గుర్తొచ్చిన మనిషి పేరు రాయను. ఆయన తన పేరు చెప్పుకోగా నేను వినలేదు. ఏ బడికి వచ్చినా "కరీంనగర్ నుంచి వచ్చిన" అనేవారు, అంతే. అక్కడ విద్యాశాఖ ఆఫీసులో పని. చూపు లేని, వినికిడి లేని పిల్లలు చదివే మామూలు బళ్లకు ప్రత్యేక టీచర్లను కొత్తగా వేస్తున్న రోజులవి, ఎనభైల చివర. ఒక్కో టీచరు కొన్ని ఊళ్లు తిరిగి చదువు చెప్పాలి. ఆ టీచర్లు మారినప్పుడల్లా బళ్లకు తెలియజేయడం ఆయన వంతు. కాగితం టపాలో వేస్తే తీరిపోయే పని. ఆయన బస్సెక్కి వచ్చేవారు.

పొడుగు మనిషి, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. నడుముకు తాళాల గుత్తి, భుజాన ఖాకీ గుడ్డ సంచి. చాయ్ సాసర్లో పోసుకుని, చల్లారినా ఊదుకుంటూ తాగేవారు. సర్కారు బడి గడప ముందు చెప్పులు విడిచేవారు. మా హెడ్మాస్టరు బూట్లతో తిరిగే బడి అది. పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. కుర్చీలో కూర్చున్నాక సంచి ఒళ్లో పెట్టుకుని, దాని మూతి రెండు చేతులా పట్టుకునేవారు, లోపల కోడిపిల్ల ఉన్నట్టు.

నాకూ ఆయనకూ పరిచయం మా బిడ్డ స్వరూప వల్ల. స్వరూపకు చిన్నప్పుడే తట్టు పోసి కళ్లు పోయాయి. మా ఇంటి వెనుక సందులోనే బడి. ఆ బడికి వారంలో రెండు రోజులు ఒక ప్రత్యేక టీచరు వచ్చి చుక్కల అక్షరాలు నేర్పేవాడు. రంధ్రాల పలకలో మందపాటి కాగితం బిగించి, పిడి ఉన్న పొట్టి సూదితో గుచ్చాలి. కాగితం వెనక్కి తిప్పితే చుక్కలు వేలికి తగులుతాయి. స్వరూప దాన్ని గుచ్చుడు పలక అనేది. నేను గ్రంథాలయంలో వెతికి ఆ లిపి కనిపెట్టినాయన గురించి దొరికిందల్లా చదివాను. ఆయన చిన్నతనంలో, తోలు పని చేసే తండ్రి దగ్గరి ఆరెతో, తోలుకు తూట్లు పొడిచే పనిముట్టుతో, ఆడుకుంటూ కన్ను పొడుచుకున్నాడట. ఈ సంగతి మా మరమగ్గాల షెడ్డులో అందరికీ చెప్పాను. మగ్గాల చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

స్వరూపకు నేర్పుతున్న సారును ఒక వానాకాలం ఉన్నట్టుండి జైనూర్ దిక్కు మార్చారు. అప్పటికి కరీంనగర్ సారు ఈ పనిలోకి రాలేదు. కాగితం బడికి టపాలోనే వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని పద్ధతి ప్రకారం నోటీసు బోర్డుకు గుచ్చారు. టీచర్లు చదివారు, పిల్లలు చదివారు. స్వరూప మాత్రం సారు వచ్చే రోజున వరండా మెట్టు మీద, పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాతి వారమూ కూర్చుంది. నేను పోయి అడిగితే హెడ్మాస్టరు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"బోర్డు మీద పెట్టిన కదనయ్యా. అందరు చూసిండ్రు."

చెడ్డ మనిషి కాదు. బోర్డుకెక్కిన సంగతి లోకానికంతా తెలిసినట్టే అని నౌకరి మొదలైనప్పటి నుంచీ నమ్మినవారు.

కొన్నాళ్లకు కొత్త సారు వచ్చాడు. పడుచువాడు, శ్రద్ధ ఉన్నవాడు. స్వరూప ఆయనకు చేయి ఇవ్వలేదు. రెండు పిడికిళ్లూ బిగించి ఒళ్లో పెట్టుకునేది. చుక్కల చదువంతా వేళ్లతోనే గదా, పిడికిలి విప్పకపోతే చదువెక్కడిది? ఆయన బతిమాలాడు, బిస్కెట్లు తెచ్చాడు, ఒకసారి కసిరాడు. ఇంట్లో మేము అడిగినా "నాకద్దు" అనడమే తప్ప ఇంకో మాట లేదు. చలికాలానికి విసిగిపోయి, ఈ పిల్ల నేర్చుకునే స్థితిలో లేదని ఆయన ఆఫీసుకు రాశాడు. దాని అర్థం ఏమిటో హెడ్మాస్టరు నాకు చెప్పారు. సారును మా బడికి ఆపేసి హుస్నాబాద్ దిక్కు ఇంకో బడికి ఇస్తారు. అప్పుడు స్వరూప చదువు మాని ఇంట్లో కూర్చోవాలి, లేదంటే మమ్మల్ని వదిలి పట్నంలో అంధుల హాస్టలుకు పోవాలి.

నా భార్య అన్నం వడ్డిస్తూ, "కండ్లు పోయినప్పుడు మనల్ని ఎవరడిగిండ్రు? ఇప్పుడు సదువు పోతుంటె మనమన్న అడగాలె గద" అంది. ఎవరిని అడగాలో ఇద్దరికీ తెలియదు.

సారును మార్చే ఆ ఆర్డరు పట్టుకుని వచ్చిన మనిషే ఈ కరీంనగర్ సారు. నాకు కబురు వస్తే నేనూ బడికి పోయాను. హెడ్మాస్టరు చేయి చాపారు.

"ఆర్డరు తెచ్చిండ్రా సార్?"

"తెచ్చిన. సంచిల ఉన్నది. సంచి ఇంక ఇప్పలే. పిల్లకు చెప్పిండ్రా?"

"పిల్లకా? ఏం చెప్పాలె?"

"గీ సారు ఇంక రాడని."

"ఆమె చెయ్యే ఇయ్యది సార్. సారు వస్తె ఏంది, రాకుంటె ఏంది."

"అంతకుముందు సారు పోయిండని ఎవరు చెప్పిండ్రు?"

హెడ్మాస్టరు బోర్డు వైపు చూశారు. ఆయనా చూశారు. చాలాసేపు చూశారు.

"బోర్డు మంచిగున్నది" అని లేచారు. "పిల్ల యాడున్నది?"

స్వరూప ఆ మెట్టు మీదే ఉంది. ఆయన వెళ్లి పక్కన కింద కూర్చున్నారు. నడుము నుంచి తాళాల గుత్తి తీసి ఆమె ఒళ్లో పెట్టారు.

"గివి పట్టుకో బిడ్డా."

"ఏందియి?"

"కరీంనగర్ల మా ఆఫీసు బీరువాల తాళంచేతులు."

"నాకెందుకు?"

"నేను మాట్లాడుకుంట మాట్లాడుకుంట నీకు చెప్పకుంట లేచిపోతనేమో. గివి లేకుంట యాడికి పోలేను. పోతె మా పెద్ద సారు తంతడు."

స్వరూప ఒక పిడికిలి విడిచింది, రెండోదీ విడిచింది. తాళంచెవులు ఒక్కొక్కటే తడిమింది.

"గిది గింత చిన్నగున్నదేంది?"

"చాయ్‌పత్త డబ్బాది. ఎవ్వరికి చెప్పకు."

ఆమె నవ్వాక ఆయన అసలు సంగతి చెప్పారు. "మీ మొదటి సారు జైనూర్ దిక్కు పోయిండు బిడ్డా. బదిలీ అయ్యింది. గా ముచ్చట నీకెవ్వరు చెప్పలేదట. నేను చెప్తున్న."

"సూది కోసమా?" అంది స్వరూప.

"ఏ సూది?"

అప్పుడు బయటపడింది. చివరి రోజున సారు సూది ఆమె చేతిలోంచి జారి పడిపోయిందట. ఎంత వెతికినా దొరకలేదట. సారు "సరే తీ" అని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. తాను సూది పోగొట్టినందుకే సారు అలిగి పోయాడనుకుంది. కొత్త సారుకు చేయి ఇస్తే ఆయన కూడా సూది ఇస్తాడు, అదీ పోతుంది, ఆయనా పోతాడు. అందుకే ఆ పిడికిళ్లు.

ఇంకెవరైనా అయితే "కాదు బిడ్డా, నీ కోసం కాదు" అనేవాళ్లు. నా నాలుక మీదికీ ఆ మాటే వచ్చింది. ఆయన అనలేదు.

"నాకు తెల్వది" అన్నారు. "సారునే అడుగుదాం."

"సారు వస్తడా?"

"తీస్కస్త. గందాక తాళంచేతులు నీ తాననే ఉండనియ్యి."

వెనుక నిలబడ్డ హెడ్మాస్టరు కంగారుపడ్డారు. "సార్, గదేంది సార్, బీరువాలల్ల సర్వీసు పుస్తకాలుంటయి."

"ఉంటయి. యాడికి పోతయి? తాళమేసే ఉన్నయి గద."

సంచి మూతి అలాగే ఉంది. పోతూ పోతూ హెడ్మాస్టరుతో, "నేను ఇయ్యాల రాలే. బస్సు దొరకలే" అన్నారు.

తిరుగు బస్సుకు ఇంకా సమయం ఉందని నాతో మా షెడ్డుకు వచ్చారు. అప్పుడే షిఫ్టు అయిపోయి మనుషులు మారుతున్నారు. మా దగ్గర దిగిపోయే మనిషి మగ్గం ఆపడు. ఎక్కే మనిషి వచ్చి పక్కన నిలబడతాడు. ఏ పోగు మాటిమాటికీ తెగుతోందో పాతవాడు వేలితో చూపిస్తాడు. చప్పుడులో మాట వినపడదు గనుక అంతా వేళ్లతోనే. తెగిన పోగు ఒకటి కొత్తవాడు తన చేత్తో ముడివేసిన తర్వాతే పాతవాడు తువ్వాలు దులుపుకుని బయటికి పోతాడు. ఆయన అది నోరు తెరుచుకుని చూశారు. బయటికి వచ్చాక అడిగారు.

"మగ్గం ఆపితె ఏమైతది తమ్మీ?"

"గుడ్డ మీద గీత పడ్తది సారూ. మళ్ల నడిపినా గా గీత పోదు."

ఆయన ఆ గీత చూపించమన్నారు. పక్కన పడేసిన ముక్కల్లోంచి ఒకటి తీసి చూపించాను. వేలితో రెండుసార్లు రాసి చూశారు. తర్వాత ఆయనే మొదలుపెట్టారు. వాళ్లది భూములున్న ఇల్లు. ఉగాదికి జీతగాళ్లు మారేవారట. పోయే జీతగాడు తన గొంగడి కొత్తవాడికి కప్పి కొట్టంలోకి తీసుకుపోయేవాడట. ఇద్దరూ కలిసి ఎడ్లకు గడ్డి వేసేవారట. కొత్తవాడి చేతిలోంచి ఎద్దు గడ్డి అందుకునే దాకా పాతవాడు గడప దాటేది లేదు.

"మా బాపు మస్తు కోపదారి మనిషి. జీతగాండ్ల తోని మంచిగ మాట్లాడింది నేనెన్నడు చూడలే. గని ఎడ్లకు చెప్పకుంట మనిషిని మార్చకపోతుండె."

"అందుకేనా సారూ, మీరు మొదాలు పిల్లలకు చెప్పేది?"

"ఏమో. పుస్తకాలు సదివెటోనివి, నువ్వే చూసి చెప్పు."

ఆ మాట పట్టుకుని నేను గ్రంథాలయం మీద పడ్డాను. పశువుల పెంపకం చదివాను, తేనెటీగల పెంపకం చదివాను. తెట్టెలో కొత్త రాణిని పెట్టేటప్పుడు ముందు దాన్ని చిన్న గూట్లో ఉంచుతారట, ఈగలు దాని వాసనకు అలవాటుపడే దాకా. తర్వాత ఎప్పుడో ఈ సంగతి గర్వంగా చెబితే ఆయన శ్రద్ధగా విని, "మరి పాత రాణి ఏమైతది?" అన్నారు. నా పుస్తకంలో ఆ పేజీ చిరిగి ఉంది. చుక్కల లిపి కనిపెట్టినాయన గురించి చెప్పినప్పుడూ అంతే. "ఆయనకు మొట్టమొదాలు సదువు చెప్పిన పంతులు ఎవరు? ఆ పంతులు మారినంక ఎట్ల చేసిండు?" ఆయన ప్రశ్నలన్నీ అక్కడికే పోయేవి. నేను చదివిన పుస్తకాలు అక్కడికి పోయేవి కావు.

తాళంచెవులు మా ఇంట్లో ఉన్నన్ని రోజులూ స్వరూప వాటికి దారం కట్టి మెడలో వేసుకుంది. స్నానానికి కూడా తీయలేదు. వాళ్లమ్మ "సర్కారోళ్ల బిడ్డ లేచిందా?" అని నిద్రలేపేది. కరీంనగర్‌లో బీరువా తెరవలేక పెద్ద సారు మండిపడ్డాడనీ, తాళాలేవని అడిగితే ఈయన "ఒక పిల్ల తాన ఉన్నయి, భద్రంగున్నయి" అన్నారనీ తర్వాత విన్నాను. ఆ మాటకు పెద్ద సారు ఏమన్నాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం కరీంనగర్ సారు అన్నట్టే పాత సారును వెంటబెట్టుకుని దిగారు. కొత్త సారునూ పిలిపించారు. హెడ్మాస్టరు బడి తెరిచి, ఏం జరుగుతుందో చూద్దామని స్తంభం పక్కన నిలబడ్డారు. ఆయన కాళ్లకు బూట్లు లేవు. ఆదివారం కదా అనుకున్నాను.

స్వరూప మొదట అడిగిన మాట, "సూది దొరికిందా సారూ?"

పాత సారు జేబులోంచి సూది తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నా సంచి అడుగునే పడ్డది. జైనూర్‌ల చూసుకున్న."

"మరి చెప్పకుంట ఎందుకు పోయిండ్రు?"

"పొద్దుగాల ఆర్డరిచ్చిండ్రు, మాపటికల్ల బస్సెక్కిచ్చిండ్రు. నీ మీద అలిగి పోలేదు బిడ్డా. గని చెప్పి పోవాల్సుండె."

స్వరూప సూది పిడిని వేళ్ల మధ్య తిప్పుకుంటూ కూర్చుంది. కరీంనగర్ సారు కొత్త సారు వైపు తిరిగి, "మీరు సుత కింద కూసోండ్రి" అన్నారు. పాత సారు చెప్పడం మొదలుపెట్టాడు. "ఈమె ఎడమ చేత్తోటి సదువుతది. మీరు కుడిచెయ్యి గుంజుతున్నరు కావచ్చు."

"ఔ" అన్నాడు కొత్త సారు. "నాకెట్ల తెలుస్తది?"

"చెయ్యి మీదికెళ్లి పట్టకుండ్రి. మీ చెయ్యి కింద పెట్టుండ్రి. ఆమెకు బుద్ధి పుడితె మీద పెడ్తది."

కొత్త సారు అరచేయి పైకి తిప్పి నేల మీద పెట్టాడు. అందరం ఆ చేయి వైపే చూస్తున్నాం. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు స్వరూప చేయి పెట్టకపోతే ఆ సంచి విప్పక తప్పదని మా ఇద్దరికీ తెలుసు.

స్వరూప సూదిని కుడిచేతిలోకి మార్చుకుంది. ఎడమ చేయి నేల మీద పాకించుకుంటూ తెచ్చి, ఆ అరచేతిని వెతికి, దాని మీద పెట్టింది.

"సారు చెయ్యి సల్లగున్నది" అంది.

"బుగులైతుంది మరి" అన్నాడు కొత్త సారు. హెడ్మాస్టరు నవ్వేశారు.

ఇద్దరూ కలిసి ఒక వరుస గుచ్చే దాకా పాత సారు లేవలేదు. కరీంనగర్ సారు నా వైపు తిరిగి మెల్లగా, "పోగు ముడేసిండు" అన్నారు.

వెళ్లేముందు స్వరూప మెడలోంచి తాళాలు తీసి ఇచ్చింది. "తీస్కపోండ్రి సారూ, మీ పెద్ద సారు తంతడు." ఆ ఆర్డరు తర్వాత రద్దయింది. పిల్ల నేర్చుకుంటోందని కొత్త సారే ఆఫీసుకు మళ్లీ రాశాడు.

ఆ తర్వాత స్వరూపకు చాలామంది టీచర్లు మారారు. ఒకరు మెట్‌పల్లి పోయారు, ఒకామె పెళ్లయి పోయింది. ప్రతిసారీ ఆయన పోయేవారినీ వచ్చేవారినీ ఇద్దరినీ తీసుకుని బస్సు దిగేవారు. చాయ్, చెప్పులు విడవడం, తాళాలు ఒళ్లో పెట్టడం, అంతా అదే వరుస. మా హెడ్మాస్టరుకూ ఒక అలవాటు పట్టుకుంది. ఏ కాగితం వచ్చినా బోర్డుకు గుచ్చేముందు స్వరూపను పిలిచి చదివి వినిపించేవారు, పోలియో చుక్కల నోటీసైనా సరే. "నాకెందుకు సారూ?" అంటే "విను, పోయేదేమున్నది" అనేవారు.

చివరిసారి ఆయన మా ఇంటికే వచ్చారు. స్వరూప అప్పుడు పదో తరగతి పరీక్షలకు చదువుతోంది. పరీక్షలో ఆమె చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషి కోసం ఎదురుచూస్తున్నాం. ఆ ఏర్పాటూ ఆ ఆఫీసు నుంచే కావాలి. ఆయన వెంట టీచర్లు లేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో తోలు బ్యాగు పెట్టుకున్న ఒక మనిషి ఉన్నాడు. సారు కింద కూర్చున్నారు. స్వరూప అడగకుండానే చేయి చాపింది. ఆయన తాళాలు పెట్టారు.

"గీసారి ఎవరు మారుతున్నరు సారూ?"

"నేనే బిడ్డా. నౌకరి ఒడిసిపోయింది. నా కుర్చీల గీ సారు కూసుంటడు. పరీక్ష రాసే మనిషిని సుత గీ సారే పంపాలె. ఇంక ఏ బడికి చెప్పలే. మొదాలు నీకే చెప్తున్న."

స్వరూప తాళాలు ఒక్కొక్కటే వేళ్లతో లెక్క చూసుకుంటున్నట్టు జరిపింది.

"గవి ఇప్పుడు గీ సారుయి" అన్నారు ఆయన. "నువ్వే ఇయ్యి."

"చాయ్‌పత్త డబ్బాది సుతనా?"

"గది సుత. ఛార్జి అంటె ఛార్జే."

కొత్తాయన నిలబడే వంగి, తాళాల గుత్తిని పైనుంచి అందుకోబోయాడు. స్వరూప వదల్లేదు.

"చెయ్యి కింద పెట్టుండ్రి సారూ."

ఆయన సారు వైపు చూశాడు. సారు పైకప్పు వైపు చూస్తున్నారు. కొత్తాయన తోలు బ్యాగు గోడకు ఆనించి, కింద కూర్చుని, అరచేయి చాపాడు. స్వరూప అందులో తాళాలు పెట్టింది. పెట్టి, తన చేయి తీయలేదు.

"మీ సంచి ఎప్పుడు ఇప్పుతరు సారూ?"

"ఏ సంచి?" అన్నాడు కొత్తాయన, తన బ్యాగు వైపు చూసుకుంటూ.

"ఆమెనే అడుగు" అన్నారు సారు.

స్వరూప చెప్పడం మొదలుపెట్టింది. వరండా మెట్టు దగ్గర మొదలుపెట్టి, బోర్డు, సూది, జైనూర్, అన్నీ చెప్పింది. కొత్తాయన మొదట వాచీ చూసుకున్నాడు. కాసేపటికి చూసుకోవడం మానేశాడు. మధ్యలో ఒకసారి "మరి గా ఆర్డరు?" అని అడిగాడు కూడా. సారు గోడకు ఆనుకుని, మా వీధిలో మగ్గాలు వింటున్నట్టు కూర్చున్నారు. కరీంనగర్ బస్సు ఒకటి వెళ్లిపోయినా లేవలేదు.

"మరి మొదాలు మీకు చెప్పాల్నా, బడికి చెప్పాల్నా?" అని కొత్తాయన స్వరూపను అడిగినప్పుడు లేచారు. అలవాటుగా భుజం మీది సంచి సర్దుకోబోయారు. సంచి లేదు. గడప అవతల చెప్పులు వేసుకుని, మళ్లీ లోపలికి తొంగి చూశారు.

"పోతున్న బిడ్డా" అని చెప్పి పోయారు.